చూడని సరుకు, తెలియని మనిషి, ముందే పోయే డబ్బు

పెబ్బేరు సంతలో మేకపోతును కొనేవాడు మొదట దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి కాళ్లు చూస్తాడు. వీపు మీద చెయ్యేసి కండ ఎంతుందో పట్టి చూస్తాడు. బేరం గంటసేపు నడిచినా సరే, తాడు తన చేతికొచ్చాకే నోట్లు లెక్కపెడతాడు. శనివారం శనివారం కొత్తకోట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆ సంతకు వెళ్లే వాళ్లలో పెద్దగా చదువుకోని వాళ్లు చాలామందే ఉంటారు. అయినా అక్కడ వాళ్లను మోసం చేయడం అంత తేలిక కాదు. అదే మనిషి బక్రీద్‌కు పది రోజుల ముందు ఫోన్‌లో ఓ మేకపోతు వీడియో చూసి, ముఖం కూడా తెలియని వాడికి ఐదు వేలు బయానా పంపేస్తాడు. మేక రాదు. రెండో రోజు నుంచి ఆ నంబరూ పలకదు.

మనిషి తెలివి ఏమీ తగ్గలేదు, బేరం వరసే తిరగబడింది. సంతలో ముందు సరుకు, తర్వాత డబ్బు. ఫోన్‌లో ముందు డబ్బు, తర్వాత సరుకు, అదీ అవతలివాడు నిజాయితీపరుడైతేనే. ఆన్‌లైన్ కొనుగోళ్లలో జరిగే మోసాలు వంద రకాలుగా కనిపిస్తాయి గానీ, దాదాపు అన్నీ ఈ తిరగబడ్డ వరస మీదే నడుస్తాయి.

2024లో దేశమంతా కలిపి సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నది దాదాపు 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు చెప్పింది. అంతకు ముందు ఏడాది, 2023లో, అది సుమారు 7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. ఇందులో పెట్టుబడుల పేరుతో జరిగినవి, 'డిజిటల్ అరెస్ట్' అని బెదిరించి లాగినవి కూడా ఉన్నాయి. కొనుగోళ్లలో పోయే సొమ్ము ఒక్కో ఇంటికి చూస్తే చిన్నదే. రెండు వేలు, ఐదు వేలు, మహా అయితే ఇరవై ముప్పై వేలు. అందుకే చాలా ఇళ్లలో 'పోతే పోయిందిలే' అని ఊరుకుంటారు, ఫిర్యాదు దాకా వెళ్లరు. మోసగాడికి కావాల్సిందీ అదే.

మిలిటరీ వాడి స్కూటీ

కొత్తకోటలో డిగ్రీ చదివే ఓ కుర్రాడికి సెకండ్ హ్యాండ్ స్కూటీ కావాలి అనుకుందాం. అబ్బా గల్ఫ్ నుంచి పంపిన దాంట్లోంచి అమ్మీ 30 వేలు పక్కన పెట్టింది. ఓఎల్ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో వెతికితే బయట 60 వేలు పలికే బండి 25 వేలకే కనిపిస్తుంది. ఫోటోల్లో తళతళలాడుతోంది. నంబరుకు ఫోన్ చేస్తే అవతల ఎంతో మర్యాదగా హిందీ. 'ఫౌజ్‌లో ఉన్నాను భాయ్, సికింద్రాబాద్ నుంచి జమ్మూకు ట్రాన్స్‌ఫర్ అయింది, బండిని వెంట తీసుకుపోలేను, అందుకే ఈ రేటు' అంటాడు. అడగకముందే వాట్సాప్‌లో అన్నీ పంపుతాడు. యూనిఫాం వేసుకున్న ఫోటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు, ఆధార్, బండి ఆర్‌సీ.

'ఎక్కడుంది బండి? వచ్చి చూస్తా' అని కుర్రాడు అడుగుతాడు. 'శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉంది, లోపలికి బయటివాళ్లను రానివ్వరు, ఆర్మీ పార్సిల్‌లో మీ ఇంటికే పంపిస్తాను. రవాణా ఖర్చు 2,150 మాత్రం ముందు వేయండి, బండి చూసి నచ్చాకే మిగతాది ఇవ్వండి' అంటాడు.

చివరి మాటలోనే ఉంది మందు. నచ్చాకే ఇవ్వమంటున్నాడు కదా, ఇంతకంటే మంచివాడు ఎవరుంటారు అనిపిస్తుంది. 2,150 వెళ్తుంది. గంటలో స్కూటీకి ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫోటో వస్తుంది, మీద కుర్రాడి పేరు, ఊరి పేరు రాసిన చీటీ. ఇంట్లో అందరూ ఆ ఫోటో చూసి సంబరపడతారు. ఆ తర్వాత డెలివరీ డ్రైవర్‌నంటూ ఇంకో నంబరు నుంచి ఫోన్. జడ్చర్ల దాటాను, జీపీఎస్ చార్జీ 5,150 కడితేనే ముందుకు వస్తాను, అది రిఫండబుల్, బండి అందగానే తిరిగి వచ్చేస్తుంది. తర్వాత జీఎస్టీ. తర్వాత మీరు ఆలస్యం చేశారని జరిమానా. ప్రతిదీ 'రిఫండబుల్'. సాయంత్రానికి పక్కన పెట్టిన 30 వేలలో ఐదారు వేలు మిగులుతాయి, స్కూటీ మాత్రం ఫోటోలోనే ఉంటుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి, కుర్రాడు పోగొట్టుకున్నది మొదటి 2,150 దగ్గర కాదు. అక్కడితో ఆగి ఉంటే నష్టం రెండు వేలే. 'ఇప్పటికే ఏడు వేలు కట్టాం, ఇప్పుడు ఆపేస్తే అదీ పోతుంది' అన్న ఆలోచన మిగతా డబ్బును లాగేసింది. మోసగాడు అమ్మేది స్కూటీ కాదు, ఆ ఆశే. చిన్న మొత్తంతో మొదలుపెట్టి, పోయిన దాన్ని రాబట్టుకోవాలనే తపనతోనే తర్వాతిది కట్టిస్తాడు.

ఇంకో విషయం. శంషాబాద్ ఉన్నది ఏదో దూర దేశంలో కాదు, కొత్తకోట మీదుగా పోయే ఇదే 44వ నంబరు జాతీయ రహదారి మీద. హైదరాబాద్ వెళ్లే బస్సెక్కితే దాని పక్క నుంచే పోతుంది. బండి నిజంగా అక్కడ ఉంటే బస్సులో పోయి, చూసి, అదే బండి మీద తిరిగి రావచ్చు. 'వచ్చి చూస్తాను' అన్న ఒక్క మాటకు అవతలివాడు ఏ సాకు చెప్పినా, ఆ సాకు ఎంత నమ్మకంగా ఉన్నా, బేరం అక్కడితో అయిపోయినట్టే.

మరి ఆ ఐడీ కార్డుల మాటేమిటి? అవి చాలాసార్లు అసలు మనుషులవే. అంతకు ముందు ఇలాగే మోసపోయిన వాళ్లు, లేదా బండి అమ్మాలనుకున్న అసలు జవాన్లు నమ్మి పంపిన కాపీలు. కుర్రాడు 'డెలివరీ కోసం' పంపిన తన ఆధార్ కూడా రేపు ఇంకో ఊళ్లో ఇంకొకరికి 'అమ్మేవాడి ఆధార్'గా వెళ్తుంది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన కార్డును రుజువుగా లెక్కపెట్టడానికి లేదు. బండి విషయంలో చూడాల్సింది ఎంపరివాహన్ యాప్. రిజిస్ట్రేషన్ నంబరు కొడితే బండి మోడల్, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ బాకీ ఉందా లేదా అన్నవి తెలుస్తాయి. యజమాని పేరు పూర్తిగా కనిపించదు, మధ్యలో కొన్ని అక్షరాలు నక్షత్రాలతో మూసి ఉంటాయి, కానీ అమ్మేవాడు చెప్పే పేరుతో కలుస్తుందో లేదో తెలుసుకోవడానికి అది చాలు. యాప్‌లో వివరాలు సరిపోయినా బండి వాడి దగ్గర ఉందని అర్థం కాదు, నంబరు ప్లేటు ఫోటో ఎవరైనా తీయొచ్చు. కొన్నాక ఫారం 29, 30 మీద సంతకాలు లేకుండా డబ్బంతా ఇచ్చేయడం ఇంకో తలనొప్పి. అసలు మనిషి దగ్గర కొన్నా ఆ పని మరిచిపోతే, బండి మన పేరు మీదికి రాదు.

ఈ ముఠాలు ఎక్కడివి అంటే, దేశంలో పోలీసులు మళ్లీ మళ్లీ చెప్పే పేర్లు రాజస్థాన్‌లోని భరత్‌పూర్, అల్వర్, హర్యానాలోని నూహ్ ప్రాంతాలు. 2023 ఏప్రిల్‌లో హర్యానా పోలీసులు దాదాపు 5,000 మందితో నూహ్ జిల్లాలోని 14 గ్రామాల మీద ఒకే రాత్రి దాడి చేశారు. దొరికిన వాళ్లు చాలావరకు పెద్ద చదువులు చదివిన హ్యాకర్లేమీ కాదు. దొంగ పేర్ల మీద తీసిన సిమ్‌లు, ఇతరుల బ్యాంకు ఖాతాలు, కొన్ని ఫోన్లు, అందరి దగ్గరా ఒకే కథ. కంప్యూటర్ రాని వాడిని కంప్యూటర్ దొంగ మోసం చేశాడని చాలామంది అనుకుంటారు గానీ, ఇది మాటల దొంగతనం, దానికి ఫోన్ ఒక దారి మాత్రమే.

పెళ్లి బట్టలు, ఇన్‌స్టాగ్రామ్ బొటిక్‌లు

షాదీల సీజన్‌లో ఇంకో రకం. ఖడా దుపట్టా, షరారా, గద్వాల చీర, ఏదైనా సరే, ఇన్‌స్టాగ్రామ్‌లో అందమైన పేజీ. వేల మంది ఫాలోవర్లు. హైదరాబాద్ షాపుల్లో 15 వేలు చెప్పే జత ఇక్కడ 3,500. క్యాష్ ఆన్ డెలివరీ లేదు, 'సగం ముందు వేయండి, మిగతాది డిస్పాచ్ అయ్యాక'. కొందరికి ఏమీ రాదు. కొందరికి పార్సిల్ వస్తుంది, లోపల పాత గుడ్డ. రెండోదే పెద్ద చిక్కు, ఎందుకంటే 'మేం పంపాం కదా' అని వాదించడానికి ఓ ట్రాకింగ్ నంబరు ఉంటుంది.

పాత తరానికి ఇది మరీ కొత్తేం కాదు. పత్రికల్లో ప్రకటన చూసి వీపీపీలో తెప్పించుకుంటే, పోస్ట్‌మన్‌కు డబ్బు కట్టి విప్పాక రేడియోకు బదులు ఇటుక వచ్చిందని పెద్దవాళ్లు చెప్పుకునే కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. క్యాష్ ఆన్ డెలివరీలోనూ ఆ బలహీనత అలాగే ఉంది, డబ్బు కట్టేది డబ్బా చూసి, లోపలి సరుకు చూసి కాదు. 'ఓపెన్ బాక్స్ డెలివరీ' ఉంటే అదే ఎంచుకోవాలి. లేకపోతే పార్సిల్ విప్పుతున్నప్పుడు మొదటి కత్తిగాటు నుంచి చివరిదాకా ఆగకుండా వీడియో తీయాలి, అడ్రస్ లేబుల్ కనిపించేలా. అదొక్కటే తర్వాత వాదనకు పనికొస్తుంది.

చట్టం ఏమంటోంది అంటే, 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి వాటి విషయంలో ఈ దారి పనిచేస్తుంది. అయితే ఓ వ్యక్తి తన పాత ఫోనో, సోఫానో సొంతంగా అమ్ముకుంటే ఈ నిబంధనలు అతనికి వర్తించవు. అడ్రస్ లేని ఇన్‌స్టాగ్రామ్ పేజీని పట్టుకోవడానికి కూడా వినియోగదారుల ఫోరం దగ్గర ఏమీ ఉండదు. అక్కడ దిక్కు పోలీసులే. అందుకే కొనేముందు పేజీలో ఫాలోవర్లను కాదు, చిరునామాను వెతకాలి. ఫాలోవర్లను కొనుక్కోవచ్చు. కామెంట్లు మూసేసిన పేజీ అయితే కారణం ఊహించుకోవచ్చు.

గద్వాల చీర కావాలంటే అసలు కొత్తకోట వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ దాకా వెళ్లాల్సిన పని ఏముంది అన్నది వేరే ప్రశ్న. నేసే వాళ్ల ఊరు బస్సు దూరంలోనే ఉంది.

చూడకుండా కొనడం గురించి ఫుఖహాలు వందల ఏళ్ల కిందే ఆలోచించారు. హనఫీ ఫిఖ్‌లో 'ఖియారె రూయత్' అని ఓ హక్కు ఉంది, చూడకుండా కొన్న సరుకును చూశాక వద్దనుకునే హక్కు. ఇప్పటి కంపెనీలు 'ఏడు రోజుల రిటర్న్' అని రాసేది దాదాపు అలాంటిదే. ఆ హక్కు ఇవ్వని చోట, 'నో రిటర్న్, నో ఎక్స్చేంజ్' అని ముందే రాసిన చోట, ముక్కూ ముఖం తెలియని వాడికి ముందే డబ్బు పంపడం బేరం అనిపించుకోదు, జూదం అవుతుంది.

ఖుర్బానీ హిస్సాల విషయం కూడా ఇదే. వాట్సాప్ గ్రూపులో తక్కువ రేటుకు హిస్సా అని పోస్టర్ వస్తుంది, కింద యూపీఐ నంబరు. మసీదు పేరు, మదర్సా పేరు రాసి ఉన్నా, ఆ కమిటీ వాళ్లకు ఓ ఫోన్ చేసి అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. దీన్ పని కదా, అనుమానించడం ఎలా అని మొహమాటపడే వాళ్లనే ఆ పోస్టర్ వెతుక్కుంటూ వస్తుంది.

అమ్మేవాళ్లకూ తప్పదు

పాత ఫ్రిజ్ అమ్మకానికి పెడితే పది నిమిషాల్లో ఫోన్. బేరం ఆడడు, చూడటానికి రాడు, అడిగిన రేటుకే ఒప్పుకుంటాడు. 'అడ్వాన్స్ పంపిస్తున్నా' అని వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి, 'స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది' అంటాడు. నమ్మకం కుదరడానికి మొదట పది రూపాయలు నిజంగానే వేస్తాడు. పిన్ కొట్టగానే డబ్బు పడదు, పోతుంది.

యూపీఐలో పిన్ పనిచేసేది తన ఖాతాలోంచి డబ్బు బయటికి పంపడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికీ. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయక్కర్లేదు. ఇంట్లో నానీకి, దాదీకి, ఫోన్‌పే కొత్తగా నేర్చుకున్న చెల్లెలికి చెప్పాల్సిన మొదటి మాట ఇది. ఇదివరకు 'కలెక్ట్ రిక్వెస్ట్' పంపి డబ్బు లాగేవారు. ఈ మోసాల వల్లే వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి తీసేసింది. ఓ తలుపు మూసుకుంది, క్యూఆర్ తలుపు తెరిచే ఉంది.

దీని తమ్ముడు ఇంకోటి. '20,000 జమ అయింది' అని బ్యాంకు నుంచి వచ్చినట్టే ఎస్సెమ్మెస్. వెంటనే ఫోన్, 'అయ్యో, 2,000కు బదులు సున్నా ఎక్కువ కొట్టాను భాయ్, ఆసుపత్రిలో ఉన్నాం, 18,000 తిరిగి వేయండి'. మెసేజ్ వచ్చింది బ్యాంకు నుంచి కాదు, పది అంకెల మామూలు నంబరు నుంచి. ఖాతాలో ఏమీ పడలేదు. మెసేజ్‌ను కాదు, యాప్ తెరిచి బ్యాలెన్స్‌ను చూడాలి.

డబ్బు పోయిన మొదటి గంట

ఇక్కడే చాలా ఇళ్లలో అసలు నష్టం జరుగుతుంది. డబ్బు పోయిందని అర్థమయ్యాక మొదట వచ్చేది భయం కాదు, సిగ్గు. కుర్రాడు అబ్బాకు చెప్పడు. కోడలు అత్తకు చెప్పదు. భర్త దుబాయ్‌లో ఉంటే 'ఆయనకు తెలిస్తే ఏమంటాడో' అని వారం దాచిపెడుతుంది. ఆ వారంలో డబ్బు చాలా దూరం పోతుంది.

1930కి ఫోన్ చేస్తే ఏం జరుగుతుందో తెలిస్తే ఆ వారం విలువ అర్థమవుతుంది. డబ్బు పడిన మొదటి ఖాతాలో మోసగాడు దాన్ని ఉంచడు. నిమిషాల్లో రెండో ఖాతాకు, అక్కడి నుంచి ముక్కలు చేసి మరో నాలుగింటికి, చివరికి ఏటీఎంలోంచి నోట్లుగా. 1930కి వచ్చిన ఫిర్యాదు వివరాలు ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా ఆ బ్యాంకుకు వెళ్తాయి. ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే బ్యాంకు దాన్ని అక్కడే ఆపుతుంది. వేరే బ్యాంకుకు వెళ్లిపోయి ఉంటే ఆ బ్యాంకుకు కబురు పోతుంది. అంటే ఇది పరుగుపందెం. డబ్బు నోట్లుగా మారేలోపు ఫిర్యాదు దాన్ని అందుకోవాలి. పోలీసులు 'గోల్డెన్ అవర్' అనేది అందుకే.

ఫోన్ చేసేటప్పుడు దగ్గర ఉండాల్సినవి: డబ్బు ఏ ఖాతా నుంచి, ఎంత, ఏ సమయానికి పోయింది, యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు, అవతలివాడి ఫోన్ నంబరు. చాటింగ్‌ను కోపంతో డిలీట్ చేయొద్దు, నంబరును బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తీయాలి. 1930 లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాయొచ్చు. తర్వాత అదే ఫిర్యాదు నంబరుతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలని, దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారని, కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. 'నూహ్ కేసు మాకెందుకు' అని ఎవరూ పంపేయడానికి లేదు.

బ్యాంకు తిరిగి ఇస్తుందా? దీనిమీద అపోహలు చాలా ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారుడి తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసాన్ని మూడు పని దినాల్లో చెబితే అతని మీద భారం పడదు. కానీ పిన్ తనే కొట్టి తనే పంపితే ఆ రక్షణ దొరకదు, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది అతనిదే. స్కూటీ కేసులోనూ, క్యూఆర్ కేసులోనూ జరిగింది ఇదే. కాబట్టి ఆశ పెట్టుకోవాల్సింది బ్యాంకు పరిహారం మీద కాదు, దొంగ ఖాతాలో ఆగిన డబ్బు మీద.

డబ్బు పోయిన రెండో రోజు ఇంకో ప్రమాదం. 'సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి' అని ఫోన్ రావచ్చు. లేదా గూగుల్‌లో వెతికి దొరికిన 'కస్టమర్ కేర్' నంబరుకు ఫోన్ చేస్తే అక్కడా దొంగే ఉండొచ్చు. ఒకసారి నమ్మినవాడు మళ్లీ నమ్ముతాడన్న లెక్క వాళ్లది. డబ్బు తిరిగి ఇప్పించడానికి పోలీసులు ఫీజు అడగరు.

అద్దె ఖాతాలు

ఈ మోసాలకు కొసమెరుపు లాంటి చేదు విషయం ఒకటుంది. డబ్బు పడే ఆ మొదటి ఖాతా దొంగ పేరు మీద ఉండదు. ఎక్కడో ఓ ఊళ్లో కాలేజీ కుర్రాడో, కూలీయో, 'నీ పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు, నెలకు ఐదు వేలు ఇస్తాం' అంటే ఇచ్చిన ఖాతా అది. ఆ కుర్రాడికి తెలిసింది 'ఏదో ఆన్‌లైన్ బిజినెస్' అని మాత్రమే. పోలీసులు మొదట వచ్చేది మాత్రం అతని గుమ్మం దగ్గరికే, ఎందుకంటే కాగితాల మీద డబ్బు తీసుకున్నది అతనే. వేరొకరిలా నటించి ఫోన్, కంప్యూటర్ ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా, భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. కేసు పడితే పాస్‌పోర్టు కోసం పోలీస్ వెరిఫికేషన్ దగ్గర చిక్కు, గల్ఫ్ ప్రయాణం దగ్గర చిక్కు. ఇంట్లో చదువుకునే పిల్లలున్న వాళ్లు ఫోన్ మోసాల గురించి చెప్పేటప్పుడు ఇది కూడా కలిపి చెప్పాలి. మోసపోకుండా చూసుకోవడం ఒక ఎత్తు, తెలియకుండా మోసంలో భాగం కాకుండా ఉండటం ఇంకో ఎత్తు.

ఇక బ్యాంకులో ఆగిన డబ్బు తనంతట తాను తిరిగి రాదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద కోర్టు ఉత్తర్వు ఇస్తే బ్యాంకు దాన్ని విడుదల చేస్తుంది. తెలంగాణలో ఇలాంటి కేసులను లోక్ అదాలత్‌లలో పెట్టి బాధితులకు డబ్బు ఇప్పించడం 2024లో పెద్ద ఎత్తున జరిగింది. లాయరును పెట్టుకోవాల్సిన అవసరం లేదు, కోర్టు ఫీజు ఉండదు. ఫిర్యాదు నంబరు, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుని స్టేషన్‌లో గానీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ అడగాలి, తర్వాతి లోక్ అదాలత్ ఎప్పుడో వాళ్లే చెబుతారు. ఎంత డబ్బు ఆగిందో ఫిర్యాదు చేసిన స్టేషన్‌లో కనుక్కోవచ్చు. ఐదు వేలే కదా అని ఫిర్యాదు చేయని వాళ్ల డబ్బు మాత్రం ఆ జాబితాలో ఎక్కడా ఉండదు.